తొలి జర్మన్ ఒపెరా ఏది? ముందు ‘జర్మన్’ అన్న మాట సంగతి తేల్చుకోవాలి

మీ ప్రశ్న ఇది: కొన్ని పుస్తకాలు 1627 నాటి ‘డాఫ్నె’ను తొలి జర్మన్ ఒపెరా, అంటే పాటతో నడిచే నాటకం, అంటున్నాయి. కొన్ని 1644 నాటి ‘జేలెవిగ్’ను అంటున్నాయి. ఇంకొన్ని 1678లో హాంబర్గ్ నుంచి కథ మొదలుపెడుతున్నాయి. మోట్సార్ట్ వచ్చేదాకా జర్మన్ ఒపెరా అన్నదే లేదని వాదించేవాళ్లూ ఉన్నారు. వీటిలో దేన్ని నమ్మాలి, దీనికి నిర్వచనం ఏమిటి, వినడం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఈ సంగీతాన్ని నేను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు హాంబర్గ్‌లో ఉండటం వల్ల దాని మీద ఇష్టం ఇంకా పెరిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మీరు చెప్పిన సమాధానాల్లో చివరిది తప్ప మిగిలిన మూడూ నిజమే. తేడా అంతా ‘జర్మన్’ అన్న మాటకు ఎవరు ఏ అర్థం చెప్పుకున్నారన్న దగ్గర ఉంది. రాసిన మనిషి జర్మన్ అయితే చాలా? పాడే భాష జర్మన్ కావాలా? ఆడిన ఊరు జర్మనీలో ఉంటే సరిపోతుందా? స్వరకర్త పుట్టుకను కొలబద్దగా పెట్టుకుంటే లెక్క వెంటనే చెడుతుంది. 1742లో బెర్లిన్ రాజ ఒపెరా భవనాన్ని ప్రారంభించిన నాటకం కార్ల్ హైన్రిష్ గ్రౌన్ రాసిన ‘సీజర్, క్లియోపాత్రా’ కథ. గ్రౌన్ జర్మన్, రాజు జర్మన్, ఊరు జర్మన్, కానీ వేదిక మీద పాడింది మొదటినుంచి చివరిదాకా ఇటాలియన్‌లో. దానికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ డ్రెస్డెన్‌లో ఉంది. అక్కడ 1671లో అదే పేరుతో ఆడిన మరో ‘డాఫ్నె’కు సంగీతం కట్టినవారు బొంతెంపీ, పెరాందా. ఇద్దరూ ఇటలీవాళ్లే, పాట మాత్రం జర్మన్. నా లెక్కలో రెండోదే జర్మన్ ఒపెరా, మొదటిది కాదు.

ఎందుకంటే తొలి తరం వాళ్ల అసలు సమస్య భాష. ఒపెరా ఇటలీలో పుట్టింది. 1598 ప్రాంతంలో ఫ్లోరెన్స్ పెద్దల ఇళ్లలో, రినుచ్చీని రాసిన ‘దఫ్నే’ కథకు యాకొపో పేరి స్వరాలు కట్టినప్పుడు అక్కడివాళ్లు వెతికింది ఒక్కదానికోసమే: పాత్రలు మాట్లాడుకుంటున్నట్టే ఉండాలి, అయినా అదంతా పాటగా సాగాలి. దాన్నే రెసిటేటివ్ అంటారు. కథ నడిచేది అందులోనే. మధ్యమధ్య కథ ఆగి, పాత్ర తన మనసులోని ఒక్క భావాన్ని నిండుగా పాడుకుంటే అది ఆరియా.

ఇటాలియన్‌కు ఇది ఎందుకు సులువైందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మనది అజంత భాష. ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఎక్కడైనా ఆపవచ్చు, ఎంతైనా సాగదీయవచ్చు. ఇటాలియన్ కూడా దాదాపు అంతే. ‘కోరె’ అంటే గుండె, ‘దొలోరె’ అంటే బాధ. రెండు ప్రాసలూ అచ్చు మీదే ముగుస్తాయి, గాయకుడి నోరు తెరిచే ఉంటుంది. జర్మన్‌లో అదే ప్రాస ‘హెర్ట్స్’, ‘ష్మెర్ట్స్’. అర్థాలు సరిగ్గా అవే, గుండె, బాధ. చివర మాత్రం మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. రాగం తీయాలంటే మాట మధ్యలోని ఆ ఒక్క ‘ఎ’ మీదే తీయాలి, ఆఖరికి ‘ర్ట్స్’ అని తలుపు వేసినట్టు ముగించాలి. ఈ రెండు జతల మాటలనూ మీరే పైకి అని చూడండి, ఇటలీ వాళ్ల రెసిటేటివ్‌ను ఉన్నదున్నట్టు దించుకోవడం జర్మన్ స్వరకర్తలకు ఎందుకు కుదరలేదో మీ నాలుకే చెబుతుంది.

దీనికి తోడు ఛందస్సు గొడవ. జర్మన్ పద్యానికి గట్టి నియమం ఏర్పడిందే 1624లో. మార్టిన్ ఓపిట్స్ అనే కవి ఆ ఏడాది ప్రచురించిన చిన్న లక్షణ గ్రంథంలో, జర్మన్ పద్యం అక్షరాల లెక్క మీదో, మన గురులఘువుల్లా ఉచ్చారణ కాలం మీదో కాక, మాటలో సహజంగా ఊనిక పడే చోటు మీద నడవాలన్నాడు. మూడేళ్ల తర్వాత ‘డాఫ్నె’ పాఠం రాసింది ఈ ఓపిట్సే. అంటే జర్మన్ కవిత్వం తన నడక తాను నేర్చుకుంటున్న రోజుల్లోనే ఒపెరా వచ్చి తలుపు తట్టింది. ఈ సంగతి చాలా పుస్తకాల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది. నాకు మాత్రం అసలు మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇక 1627 సంగతి. సాక్సనీ పాలకుడు యోహాన్ గేయార్గ్ కూతురు జోఫియా ఎలెయొనోరెకూ, హెస్సె-డార్మ్‌స్టాట్ పాలకుడు గేయార్గ్‌కూ ఏప్రిల్‌లో పెళ్లి. ఎల్బె నది ఒడ్డున టోర్గావ్ ఊళ్లో హార్టెన్‌ఫెల్స్ కోట ఉంది. పెళ్లి వేడుకలు అక్కడే జరిగాయి. వాటిలో భాగంగా ‘డాఫ్నె’ ఆడారు. రినుచ్చీని కథనే ఆధారంగా తీసుకుని ఓపిట్స్ జర్మన్‌లో రాశాడు, డ్రెస్డెన్ ఆస్థాన సంగీతాధిపతి హైన్రిష్ ష్యూట్జ్ సంగీతం కట్టాడు. ష్యూట్జ్ అప్పటికే వెనిస్‌లో జొవాన్ని గాబ్రియేలి దగ్గర శిష్యరికం చేసి వచ్చినవాడు, ఆ తరం జర్మన్ స్వరకర్తల్లో తలమానికం. ఆ కోట ఇప్పటికీ నిలిచే ఉంది. ప్రాంగణంలో బయటికి పొడుచుకొచ్చిన పెద్ద రాతి మెలిమెట్లను చూస్తూ నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ పెళ్లివారు ఎక్కి దిగిన మెట్లే అవి.

కోట నిలిచింది, ఓపిట్స్ పాఠం అచ్చులో నిలిచింది, ష్యూట్జ్ సంగీతంలో మాత్రం ఒక్క స్వరం మిగల్లేదు. తగాదా అంతా అందుకే. ఇరవయ్యో శతాబ్దం చివర్లో వోల్ఫ్‌రామ్ ష్టాయిడె అనే పండితుడు ఆ పాఠాన్ని పరిశీలించి, ఇది ఆద్యంతం పాడిన ఒపెరా కాకపోవచ్చు, మాటల మధ్య పాటలు పెట్టిన నాటకం కావచ్చు అని వాదించాడు. ఆయన వాదనకు బలం ఉంది. ఓపిట్స్ పద్యాల్లో సంభాషణ భాగం చాలాచోట్ల సమమైన పాదాలతో, పేర్చినట్టు బిగువుగా నడుస్తుంది. రెసిటేటివ్‌కు కావలసింది దానికి వ్యతిరేకం: ఒక పాదం పొట్టి, ఒక పాదం పొడుగు, ఊపిరిని బట్టి ఆగే నడక. ఆ రకం పద్యాన్ని జర్మన్‌లో రాయడం ఎలాగో వివరించిన పుస్తకం 1653 దాకా రాలేదు. ష్యూట్జ్ బావమరిది కాస్పర్ ట్సీగ్లర్ ఆ ఏడాది మాడ్రిగల్ అనే ఇటాలియన్ పద్యరీతి మీద చిన్న పుస్తకం వేసి, రెసిటేటివ్‌కు పనికొచ్చే నడక ఇదేనని చెప్పాడు. తర్వాతి జర్మన్ లిబ్రెట్టోలు చాలావరకు ఆ దారినే పట్టాయి. లిబ్రెట్టో అంటే ఒపెరా కోసం రాసిన నాటక పాఠం.

కాబట్టి ‘డాఫ్నె’ను తొలి జర్మన్ ఒపెరా అనడం కన్నా, జర్మన్‌లో ఒపెరా రాయాలన్న తొలి సంకల్పం అనడం న్యాయం. ఆ సంకల్పం వెంటనే ఎందుకు పెరగలేదో ఊహించడం కష్టం కాదు. 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం అప్పటికి తొమ్మిదో ఏట ఉంది. ఆ తర్వాతి దశాబ్దంలో సాక్సనీ కూడా దాని బారిన పడింది. డ్రెస్డెన్ ఆస్థాన బృందం చిక్కిపోయింది. తన గాయకులకు జీతాలు అందడం లేదని ష్యూట్జ్ మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది.

యుద్ధం ఇంకా సాగుతుండగానే 1644లో న్యూరెంబర్గ్‌లో ‘జేలెవిగ్’ వచ్చింది. స్వరాలతో సహా మన చేతికి అందిన జర్మన్ సంగీత నాటకాల్లో ఇదే పాతది. రాసింది హార్స్‌డోర్ఫర్ అనే నగర పెద్ద, సంగీతం జిగ్మండ్ ష్టాడెన్. ఇది రాజుల కోసం పుట్టలేదు. ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులు కూర్చుని చదువూ కళల గురించి ముచ్చటించుకునే పద్ధతిలో హార్స్‌డోర్ఫర్ కొన్ని సంపుటాలు వెలువరించాడు. నాలుగో సంపుటంలో ఆ ఆరుగురి మాటల నడుమ ఈ నాటకం పొదిగి ఉంది, సంగీతం కూడా అందులోనే అచ్చయింది.

కథ పూర్తిగా ప్రతీకాత్మకం. జేలెవిగ్ అంటే నిత్యమైన ఆత్మ, ఒక వనకన్య. ఆమెను వలలో వేసుకోవాలని చూసే అడవి మనిషి పేరు ట్రూగెవాల్ట్, మోసం రూపం కట్టినవాడు. ఇంద్రియాలకు ప్రతీకగా ఒక చెలికత్తె అటు లాగుతుంది, అంతరాత్మకు ప్రతీకగా ఒక పెద్దావిడ ఇటు లాగుతుంది. సంపద, కీర్తి, కళ అనే గొర్రెల కాపరులు వచ్చి ఆశ పెడతారు. ఏ పాత్రకు ఏ వాద్యమో కూడా అందులో రాసి ఉంది: వనకన్యలకు వయొలిన్లూ వేణువులూ, కాపరులకు సన్నాయి జాతి వాద్యాలు, ట్రూగెవాల్ట్‌కు మోటు కొమ్ముబూర. వీధి నాటకంలో పాత్ర ప్రవేశించగానే దరువు మారిపోవడం చూసినవాళ్లకు ఈ పద్ధతి ఎంత సూటిగా పనిచేస్తుందో తెలుసు.

ఇటాలియన్ పద్ధతిలో పాడదగినట్టు కట్టామని వాళ్లే చెప్పుకున్నారు. స్వరాలు చూస్తే మాత్రం ఎక్కువ భాగం ఒకే బాణీలో చరణం తర్వాత చరణంగా సాగే పాటలే. లూథరన్ చర్చి కీర్తనకు అలవాటుపడిన చెవి కట్టిన బాణీలవి. దీన్ని లోపం అని కొట్టేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇటలీ రెసిటేటివ్ జర్మన్ నాలుకకు పట్టుబడనప్పుడు, తమ ఇంట్లో ఉన్న బలమైన రూపాన్నే ముందుకు తెచ్చారు. ఆ చరణగీతం ఆ తర్వాత ఎన్నడూ జర్మన్ ఒపెరాను వదలలేదు.

ఇప్పుడు హాంబర్గ్. నా దృష్టిలో తొలి జర్మన్ ఒపెరా ఒక సంప్రదాయంగా వేళ్లూనింది ఇక్కడే. కోటగోడల బలంతో ఆ ఊరు ముప్పై ఏళ్ల యుద్ధంలో చెక్కుచెదరకుండా బయటపడింది. రేవు వ్యాపారంతో డబ్బు నిలిచింది. రాజు లేడు, నగర సభే పాలన. గేర్హార్డ్ షోట్ అనే న్యాయవాది, కాటరీనా చర్చి ఆర్గనిస్టు రైన్‌కెన్, ఇంకొందరు పూనుకుని గెన్సెమార్క్ట్ దగ్గర ఒపెరా భవనం కట్టించారు. గెన్సెమార్క్ట్ అంటే బాతుల అంగడి. టికెట్ కొన్న ఎవరైనా వచ్చి చూడవచ్చు. వెనిస్‌లో అలాంటి ఒపెరా శాల 1637లోనే తెరిచారు, జర్మన్ నేల మీద ఇదే మొదటిది. నేను అక్కడ ఉన్న రోజుల్లో సాయంత్రాలు ఆ కూడలిలో కూర్చునేవాణ్ని. ఇప్పుడు అక్కడ నాటకకర్త లెస్సింగ్ విగ్రహం ఉంది, చుట్టూ దుకాణాలు. పాత భవనం ఆనవాలు ఒక్కటీ లేదు. నేటి ఒపెరా భవనం అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది.

1678 జనవరి 2న ఆ శాల తలుపులు తెరిచిన నాటకం ఆదాము, అవ్వల కథ. సంగీతం ష్యూట్జ్ శిష్యుడు యోహాన్ టైలెది. బైబిలు కథతో మొదలుపెట్టడం వెనుక భక్తి ఎంత ఉందో ముందుచూపూ అంత ఉంది. ఊళ్లోని కొందరు పాస్టర్లు ఒపెరా అంటే మండిపడుతున్నారు. 1681లో ఆంటోన్ రైజర్ అనే పాస్టరు నాటకాల పిచ్చి మీద ఒక పుస్తకమే వేశాడు. దానికి బదులుగా 1688లో పుస్తకం రాసిన ఎల్మెన్‌హోర్స్ట్ కూడా పాస్టరే, పైగా ఈ శాలకు లిబ్రెట్టోలు రాసినవాడు. ఒక చర్చి పెద్ద వేదిక మీద పాడే కథలు రాసి, వాటి తరఫున వాదించడం ఆ ఊరి స్వభావాన్ని చెబుతుంది.

జనం టికెట్ కొని చూసే శాల కాబట్టి కథలూ జనం వైపు జరిగాయి. 1683లో తుర్కులు వియన్నాను ముట్టడించి ఓడితే, మూడేళ్లు తిరక్కముందే ఆ సేనాని కారా ముస్తఫా కథ ఇక్కడ ఒపెరాగా వచ్చింది. హాంబర్గ్‌లో తల నరికిన సముద్రపు దొంగ ష్టోర్టెబెకర్ కథ 1701లో వచ్చింది. రాజులూ రాణులూ ఎత్తుగా మాట్లాడుతుంటే పక్కన ఒక నౌకరు నిలబడి తిండి గురించీ జీతం గురించీ పాడతాడు. 1707 నాటి వెనిస్ తిరునాళ్ల కథలో కొన్ని పాటలు ఏకంగా ఊరి మాండలికంలోనే ఉన్నాయి.

ఈ కాలానికి గుండెకాయ రైన్‌హార్డ్ కైజర్. 1674లో పుట్టి 1739లో పోయాడు. పదుల కొద్దీ ఒపెరాలు రాశాడు, మిగిలినవి కొన్నే. జర్మన్ మాటకు ఊనిక ఎక్కడ పడుతుందో ఆయనకు తెలిసినంతగా అంతకు ముందు ఎవరికీ తెలియదని నా నమ్మకం. రెసిటేటివ్‌లో హల్లుల గుంపును దాచడానికి ప్రయత్నించడు, దాని మీదే వాక్యాన్ని నిలబెడతాడు. కోపంలో ఉన్న పాత్ర నోట ఆ ‘ర్ట్స్’ కత్తిలా పనిచేస్తుంది. ఎనభై ఏళ్లుగా అడ్డమనుకున్న ఆ భాషా స్వభావాన్ని ఆయన ఆయుధం చేసుకున్నాడు.

1703లో ఆయనే ‘క్లాడియస్’ అనే ఒపెరాలో కొన్ని ఆరియాలను ఇటాలియన్‌లో పెట్టి కొత్త అలవాటు మొదలుపెట్టాడు. కథ నడిచే రెసిటేటివ్ జర్మన్‌లో, మధ్యమధ్య ఆరియా ఇటాలియన్‌లో. శాల దగ్గర అమ్మే పాఠపుస్తకంలో ఇటాలియన్ పాట పక్కనే జర్మన్ అనువాదం ఉండేది. 1705 జనవరి 8న ఆడిన ‘అల్మీరా’ ఈ పద్ధతిలోదే. దాని స్వరకర్తకు అప్పటికి 19 ఏళ్లు. పేరు హాండెల్. అదే ఆయన మొదటి ఒపెరా.

దానికి నెల ముందు, 1704 డిసెంబరు 5న, జరిగిన ఒక సంఘటన ఆ శాల వాతావరణాన్ని కళ్లకు కట్టిస్తుంది. ఆ రోజు నాటకం ‘క్లియోపాత్రా’. రాసింది హాండెల్ స్నేహితుడు మాటెసోన్. ఆంటోనీ పాత్ర పాడుతున్నదీ ఆయనే. కింద హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యం (పియానోకు ముందుతరం) దగ్గర కూర్చుని వాద్య బృందాన్ని నడుపుతున్నది హాండెల్. ఆంటోనీ చనిపోయాక ఇంకా అరగంట నాటకం ఉంటుంది. పాత్ర చనిపోగానే మాటెసోన్ కిందికి దిగి వచ్చి, తన ఒపెరాను తానే ముగింపుదాకా నడపడం ఆయన అలవాటు. ఆ రోజు హాండెల్ లేవనన్నాడు. మాట పెరిగింది. ఇద్దరూ శాల బయట, అదే బాతుల అంగడిలో, జనం చూస్తుండగా కత్తులు దూశారు. మాటెసోన్ తర్వాత రాసుకున్న దాని ప్రకారం, ఆయన కత్తి హాండెల్ కోటుకున్న లోహపు బొత్తానికి తగిలి విరిగింది. నెల తిరగకముందే రాజీపడ్డారు, కలిసి భోంచేశారు, కలిసి ‘అల్మీరా’ సాధనకు వెళ్లారు. అందులో ప్రధాన పురుష పాత్ర పాడింది మాటెసోనే.

కుస్సర్ అనే స్వరకర్త పారిస్‌లో లుల్లీ అనే ఆస్థాన స్వరకర్త దగ్గర నేర్చుకుని వచ్చి హాంబర్గ్‌కు ఫ్రెంచి వాద్య క్రమశిక్షణ తెచ్చాడు. బ్రౌన్‌ష్వైగ్‌లో 1690లో, లైప్‌జిగ్‌లో 1693లో ప్రజా ఒపెరా శాలలు వచ్చాయి. లైప్‌జిగ్ శాల వ్యాపార సంతల రోజుల్లో ఆడేది. 1722 నుంచి హాంబర్గ్ శాలను టెలిమాన్ అనే స్వరకర్త నడిపాడు. 1726లో ఆయన రాసిన ‘ఓర్ఫెయుస్’లో జర్మన్, ఇటాలియన్, ఫ్రెంచి మూడూ ఉన్నాయి. 1738లో శాల మూతపడింది. అరవై ఏళ్లలో అక్కడ రెండు వందలకు పైగా ఒపెరాలు ఆడారు. మూతపడటానికి డబ్బు ఇబ్బంది ఒక కారణం, ఊరూరా తిరిగే ఇటాలియన్ బృందాల మోజు ఇంకొకటి. దానికి తోడు, 1730లో లైప్‌జిగ్ పండితుడు గొట్‌షెడ్ తన కావ్యశాస్త్రంలో ఒపెరా అంతటి అసంబద్ధమైనది మనిషి బుద్ధికి ఇంతవరకూ తట్టలేదన్నట్టు రాశాడు. జర్మన్ భాష కోసం జీవితమంతా పనిచేసిన మనిషి, ఆ భాష పాడటం నేర్చుకున్న చోటును గుర్తించలేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

నిర్వచనం అడిగారు కాబట్టి నేను వాడేది చెబుతాను. 1627 నుంచి 1738 దాకా, కథ నడిపే భాష జర్మన్‌గా ఉండి, సంభాషణతో సహా పాడటానికే రాసిన రంగస్థల రచన తొలినాటి జర్మన్ ఒపెరా. ఆరియాల్లో కొన్ని ఇటాలియన్‌లో ఉన్నా ఫరవాలేదు. స్వరకర్త ఏ ఊరివాడైనా ఫరవాలేదు. ఈ కొలత పెడితే ‘డాఫ్నె’ గడప మీద నిలుస్తుంది, ‘జేలెవిగ్’ లోపలికి వస్తుంది, ‘అల్మీరా’ నట్టింట్లో కూర్చుంటుంది, గ్రౌన్ బయట ఉంటాడు.

‘జింగ్‌ష్పీల్’ అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. 1766 తర్వాత లైప్‌జిగ్‌లో హిల్లర్ రాసినవి, 1782లో వియన్నాలో మోట్సార్ట్ రాసిన ‘అంతఃపురం నుంచి అపహరణ’, ఇవన్నీ మాటల నడుమ పాటలున్న నాటకాలు. మన పద్యనాటకంలో వచనం వచనంగానే చెప్పి పద్యం వచ్చినప్పుడు రాగం ఎత్తుకున్నట్టు. వాటిని జింగ్‌ష్పీల్ అంటారు. కానీ ‘అల్మీరా’ ముఖపత్రం మీద కూడా జింగ్‌ష్పీల్ అనే ఉంది, అందులో మాట్లాడే వాక్యం ఒక్కటీ లేదు. హాంబర్గ్ వాళ్లకు ఆ మాటకు అర్థం ‘పాడే ఆట’ అని మాత్రమే. ఒకే పేరు రెండు కాలాల్లో రెండు వేర్వేరు వస్తువులకు అంటుకుంది. మోట్సార్ట్ దాకా జర్మన్ ఒపెరా లేదన్న వాదన చాలావరకు ఈ గందరగోళంలో పుట్టిందే.

వినడానికి నా సలహా: ‘జేలెవిగ్’తో మొదలుపెట్టకండి, పాఠం అర్థం కాకపోతే విసుగు వస్తుంది. కొన్రాడి 1691లో రాసిన ‘అరియాడ్నె’తో మొదలుపెట్టండి. హాంబర్గ్ ఒపెరాల్లో పూర్తి స్వరప్రతి దొరికినవాటిలో ఇదే మొదటిది. తప్పిపోయిందనుకున్న ఆ ప్రతి 1970ల్లో అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయంలో బయటపడింది. 2003లో బోస్టన్ ప్రాచీన సంగీత ఉత్సవంలో మళ్లీ ఆడారు, రికార్డు కూడా వచ్చింది. అందులో ఒకే మంద్ర స్వరపంక్తి మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉండగా పైన గాత్రాలూ వాద్యాలూ మారుతూ పోయే పొడవైన పాసకాల్యా ఉంటుంది. అది ఫ్రాన్సు నుంచి వచ్చిన రూపం, మాట జర్మన్. దాని తర్వాత కైజర్ ‘క్రీసస్’ వినండి. 1711లో రాసి, 1730లో తానే తిరగరాశాడు.

ఆ పైన ‘అల్మీరా’. మూడో అంకంలో ఆసియా ఖండం వేషంలో వచ్చినవాళ్లు సారబాండ్ ఆడతారు. మాటలు లేని నెమ్మది నృత్యం, ప్రతి వరుసలో రెండో దెబ్బ మీద చిన్న నిలుపు. ఆ బాణీ మీకు తెలిసినట్టే అనిపిస్తుంది. ఆరేళ్ల తర్వాత లండన్‌లో ‘రినాల్దో’ కోసం హాండెల్ దానికే ఇటాలియన్ మాటలు తొడిగాడు. ‘లాష్షా కియో ప్యాంగ’, నన్ను ఏడవనివ్వండి, అని ఈ రోజు ప్రపంచమంతా పాడుకునే పాట అదే.